లోపలి గది, బయటి నిచ్చెన

మంటల్లో చిక్కుకున్న స్త్రీ, నిచ్చెనెక్కి కాపాడే పురుషుడు. సినిమాకి మాటలు రాకముందే ఈ కథ వంటబట్టింది. 1901లో ఇంగ్లండులో జేమ్స్ విలియమ్సన్ తీసిన ‘ఫైర్!’లో మంచం మీద ఉన్నది మగవాడు. 1903లో అమెరికాలో విడుదలైన ఎడ్విన్ పోర్టర్ ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మన్’ నాటికి ఆ గదిలోకి తల్లీబిడ్డా వచ్చారు. అక్కడ స్త్రీ మనకి మొదట కనిపించేది కునుకు తీస్తున్న ఫైర్‌మన్ కలలో!

మంటల్లోంచి కాపాడటాన్ని పోర్టర్ రెండుసార్లు చూపించాడు. మొదట గది లోపలి నుంచి. పొగలో తడబడి మంచం మీద కూలిపోయిన ఆమెని, తర్వాత బిడ్డని అతను తీసుకెళ్తాడు. వెంటనే అదే సంఘటన మళ్ళీ మొదటి నుంచి, ఈసారి వీధిలోంచి. నిచ్చెన దిగిన తల్లి బిడ్డ కోసం వేడుకుంటుంది.

తర్వాతెప్పుడో ఈ రెండింటినీ ముక్కలు చేసి, లోపలా బయటా కలిపి అతికారు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లోని ఆ ప్రతిని చూసే చరిత్రకారులు చాలాకాలం పోర్టర్‌ని ఆధునిక ఎడిటింగ్‌కి ఆద్యుడన్నారు. కాపీరైట్ కోసం కాగితం మీద ముద్రించి దాఖలు చేసిన ప్రతి అసలు సంగతి బయటపెట్టింది. రెండుసార్లు చూపడం చేతకానితనం కాదనీ, అది ఆనాటి కథన పద్ధతేననీ చార్లెస్ మస్సర్ వంటి పరిశోధకులు వివరించారు.

పోర్టర్ స్త్రీపక్షపాతి అని నేను అనడం లేదు. కానీ పాత ప్రతిలో ఆ గదికి తనదైన కాలం ఉంది. అతికిన ప్రతిలో ఆమె ఉక్కిరిబిక్కిరి, అతని రాక కోసం మనలో పెంచే ఉత్కంఠగా మాత్రమే మిగిలింది.

జగిత్యాలలో డిగ్రీ విద్యార్థినులకి రెండు ప్రతులూ చూపించాను. కోరుట్ల, సిరిసిల్ల నుంచి వచ్చిన పిల్లలు. చాలామంది తల్లులు బీడీలో కండెలో చుట్టేవాళ్ళు. ఒకమ్మాయి అంది: “బయటోళ్లకు ముందుగాల మంట కనవడ్తది మేడం. లోపటున్నోళ్లకు పొగ.”

ఆ మాటతో నాకు మన పత్రికల జిల్లా పేజీలు గుర్తొచ్చాయి. ‘స్టవ్ పేలి గృహిణి మృతి.’ 1986లో వరకట్న మరణాన్ని ప్రత్యేక నేరంగా చట్టంలో చేర్చిన తర్వాత కూడా ఆ శీర్షిక పోలేదు. ఇరుగుపొరుగు తలుపు బద్దలుకొట్టడంతో మొదలయ్యే కథనం అది. అంతకుముందు ఆ గదిలో కమ్ముకున్న పొగ, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కమ్ముకున్న పొగ, వార్తలో ఉండదు.

కాపాడినవాళ్ళ సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ నిచ్చెన కిటికీకి ఆనేలోపు లోపల ఎంతసేపు గడిచిందో మనం అడగాలి. సినిమానైనా, వార్తనైనా.