బోల్టు తలమీద అంకె

వానలు తగ్గి బెల్లం వండటం ఊపందుకునే లోపు చోడవరంలో పికప్ బండ్లు షెడ్లకు చేరతాయి. 2022లో మా ఊరు విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. బెల్లం దిమ్మల లోడు మాత్రం అంతకుముందు కూడా అనకాపల్లి మార్కెట్టుకే. సీజనంతా ఆ దారిన తిరగాల్సిన బండికి అడుగుభాగం ఇప్పుడే చూడాలి. పొలాల బురద ఛాసీ మూలల్లో గడ్డకట్టి, పైకి ఎండినట్టున్నా లోపల చెమ్మ పట్టి ఉంచుతుంది. కారిన బెల్లం గాలిలో తేమను లాక్కుంటుంది. పూడిమడక వైపు చేపల కిరాయికి వెళ్లొచ్చిన బండయితే మరీ ఘోరం. ఐసు కరిగిన ఉప్పునీళ్లు బోల్టులను తినేసి ఉంటాయి.

ఇనుము తుప్పుగా మారితే దానికి రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు కావాలి. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల్లో ఉండే సన్నటి సందు దానికెక్కడ సరిపోతుంది? అందుకే బిగుసుకుపోతుంది. అలాంటి నట్టు మీద పొడవాటి పైపు తగిలించి బలం చూపిస్తే బోల్టు తెగి, ముక్క ఛాసీలో ఉండిపోతుంది.

చేయి తిరిగిన మేస్త్రి వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేస్తాడు. పొద్దున్న ఆరు పలకల సాకెట్ తగిలించి కుర్రాడితో అంటాడు: "ముందు కాస్త బిగించు, ఆనక విప్పు." అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడిస్తే తుప్పు పొడై రాలుతుంది. అయినా లొంగకపోతే నట్టును మంటతో కాలుస్తారు. వేడికి అది వ్యాకోచించి పట్టు వదులుతుంది. ఇంధనం ట్యాంకు, బ్రేకు పైపులు, రబ్బరు బుష్షులు ఉన్న చోట మాత్రం మంట వద్దే వద్దు. అక్కడ ఉలితో నట్టును చీల్చడమే మేలు.

విప్పడం దాకా మనవాళ్ల పనితనానికి వంక పెట్టలేం. నా బాధంతా తర్వాత పెట్టే బోల్టు గురించే. డబ్బాలో చేతికందిన దాన్ని, సైజు కుదిరితే చాలని దూర్చేస్తారు. బోల్టు తలమీద 8.8 అని ఉంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడుకు గాని తెగదని, అందులో 80 శాతం దాకా శాశ్వతంగా సాగదని అర్థం. 4.6 రకం మెత్త ఇనుము బోల్టు 40 కిలోలకే తెగుతుంది, 24 దగ్గరే సాగడం మొదలెడుతుంది. చూడ్డానికి రెండూ ఒకటే. మంట తగిలిన బోల్టును కూడా తిరిగి వాడకూడదు, దాని గట్టిదనం పోయి ఉంటుంది.

కమాను పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టుల దగ్గర ఇది ప్రాణాల సంగతి. అవి వదులైతే పట్టీలు జరుగుతాయి, ఆ భారమంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, ఇరుసు పక్కకు పోతుంది. పాడేరు ఘాట్ దిగుతుండగా అలా జరిగితే డ్రైవరు చేయగలిగేది పెద్దగా ఏమీ ఉండదు. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ పనికిరాదు. కొత్తవి వేసి, బండి బరువు చక్రాల మీద ఉంచి, ఎదురెదురుగా బిగించాలి. మరలకు గ్రీజు పూస్తే మంచిదే కానీ, రాపిడి తగ్గి అదే బిగింపుకు బోల్టు ఎక్కువ సాగుతుంది, కనుక టార్కు తగ్గించాలి. మొదటి లోడ్లు తిరిగి వచ్చాక మళ్లీ స్పానర్ పెట్టి చూడాలి.

షెడ్డు బిల్లులో "బోల్టులు" అన్న ఒక్క మాటకు బదులు గ్రేడు కూడా రాయాలని నేను కోరుతున్నాను. డబ్బులిచ్చే బండి యజమాని ఆ అంకె అడగాలి, బిగించకముందే బోల్టు తలను తన కళ్లతో చూడాలి.