గెస్టు ల్యాప్‌టాప్ నిద్రపోకుండా

జ్యోతి ప్రజ్వలన పూర్తయ్యేసరికి గెస్టు ల్యాప్‌టాప్ నిద్రపోయి ఉంటుంది. కాలేజీ సెమినార్ హాల్లో నాలుగు రోజులు పనిచేసిన ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కేబుల్ పెట్టి, తెర మీద మొదటి స్లయిడు నిలబెట్టి, ఇక అంతా సిద్ధం అనుకుంటాం. అప్పుడు ప్రార్థనాగీతం మొదలవుతుంది. దీపం కొండెక్కకుండా ఫ్యాన్లు ఆపేస్తారు. కరస్పాండెంట్ గారు, ప్రిన్సిపాల్ గారు, డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు తలా నాలుగు మాటలు చెబుతారు. గెస్టును పరిచయం చేసే లెక్చరరు ఆయన పేపర్ల జాబితా ఒక్కటి కూడా వదలకుండా చదువుతారు. చివరికి గెస్టు మైకు ముందుకొస్తే తెర మీద పాస్‌వర్డ్ అడుగుతూ ఒక పెట్టె. హాలు నిండా ఉన్న పిల్లల ముందు ఆయన వంగి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతారు. తప్పంటుంది. మళ్లీ కొడతారు. వెనక బెంచీల్లో కిసుక్కుమంటారు.

దీనికి మందు చిన్నదే. స్లయిడ్లు ఊరికే తెరిచి ఉంచకుండా ఎఫ్5 నొక్కి షో మొదలుపెట్టేస్తే, అది నడుస్తున్నంతసేపూ ల్యాప్‌టాప్ మామూలుగా నిద్రపోదు. ఆ తర్వాత కీబోర్డు మీద బి నొక్కితే తెర నల్లబడుతుంది. ఉపన్యాసాలన్నీ అయ్యాక మళ్లీ బి నొక్కితే స్లయిడు ప్రత్యక్షం. కరస్పాండెంట్ గారి తెల్ల చొక్కా మీద గెస్టు స్లయిడులోని అక్షరాలు పడి ఫోటోలు పాడవకపోవడం అదనపు లాభం.

గోదావరి జిల్లాల్లోని ఒక డిగ్రీ కాలేజీలో నేను ల్యాబ్ అసిస్టెంటును. ఓహెచ్‌పీల (ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ల) చివరి రోజులు కొంచెం చూశాను. జెరాక్స్ షాపులో పారదర్శకంగా ఉండే షీట్ల మీద ప్రింటు వేయించుకొచ్చేవాళ్లు. షీటు తలకిందులుగా పెట్టడం, బల్బు పోవడం తప్ప అందులో వచ్చే ఉపద్రవం లేదు. మెషీను కాలేజీది, దాని పోకడ మాకు తెలుసు. ఇప్పుడు ప్రతి గెస్టూ తన మెషీను తనే తెచ్చుకుంటారు, అది మా హాలును ఎప్పుడూ చూసి ఉండదు. చిక్కంతా ఆ మొదటి పరిచయంలోనే.

మా వేదిక పక్క గోడలోంచి బయటికొచ్చే కేబుళ్లలో ఒకటి ఇప్పటికీ వీజీఏ. ఐబీఎం 1987లో తెచ్చిన పిన్ను అది. దాని పక్కనే హెచ్‌డీఎంఐ. కిందటేడు కొన్న పల్చటి ల్యాప్‌టాప్‌కు ఈ రెండూ ఉండవు, ఉన్నదల్లా టైప్-సి రంధ్రాలే. పోనీ కన్వర్టర్ పెడదామంటే ప్రతి టైప్-సి రంధ్రమూ బొమ్మను బయటికి పంపదు. కొన్ని చార్జింగుకీ పెన్ డ్రైవుకీ తప్ప పనికిరావు. అందుకే నా దగ్గర మంత్రసాని సంచిలాంటిది ఒకటి ఉంటుంది: రెండు రకాల కన్వర్టర్లు, పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుల్, క్లిక్కర్‌లో వేసే సన్న బ్యాటరీలు, మైకుకు వేసే 9 వోల్టుల బ్యాటరీ, టేపు, మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఖాళీ పెన్ డ్రైవు.

బొమ్మ వచ్చాక శబ్దం సంగతి. వీజీఏలో అసలు శబ్దమే పోదు. హెచ్‌డీఎంఐలో పోతుంది గానీ ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. ల్యాప్‌టాప్ తనంతట తానే శబ్దాన్ని ప్రొజెక్టరు వైపు మళ్లిస్తుంది. సీలింగుకు వేలాడే ప్రొజెక్టరులోని చిన్న స్పీకరు ఏదో గొణుగుతుంటుంది, గోడలకున్న పెద్ద బాక్సులు మౌనం పాటిస్తుంటాయి. గెస్టు వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. కింద మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి శబ్దం ఎటు వెళ్లాలో మార్చితే సరిపోతుంది. ఆడియో వైరు ఆంప్లిఫయర్‌కు పెట్టగానే 'జుమ్ము'మని ఒకటే రొద వస్తే మాత్రం ఆంప్లిఫయర్‌ను తిట్టకండి. ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. ఎర్తింగు తేడాల వల్ల వచ్చే రొద అది, చాలాసార్లు చార్జరు తీయగానే ఆగిపోతుంది. ఇది తెలియక ఆంప్లిఫయర్‌ను రిపేరుకు పంపిన కాలేజీలున్నాయి.

తెలుగు శాఖ కార్యక్రమం అంటే నాకు ఇంకో రకం దడ. ఫిజిక్సు వాళ్ల స్లయిడ్లు ఎక్కడ తెరిచినా చదవొచ్చు. తెలుగు స్లయిడ్లు తెరుచుకుంటాయి, చదవడానికే రావు. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పాతుకుపోయిన అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులే. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వేషం తీసేసి నిలబడతాయి.

ఒకసారి జానపద గేయాల మీద మాట్లాడటానికి హైదరాబాద్ నుంచి రిటైరైన ప్రొఫెసరు గారొకావిడ గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చారు. పెన్ డ్రైవు పెట్టి తెరిస్తే మొదటి స్లయిడు నిండా డాలరు గుర్తులు, బ్రాకెట్లు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఇదేమిటి బాబూ? నిన్న సాయంత్రం కూడా చూసుకునే బయల్దేరాను."

"ఫైలుకేం కాలేదమ్మా. ఎక్కడ తయారుచేశారు?"

"ఇంట్లోనే. మా మనవడి కంప్యూటర్‌లో."

"బాబు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడా?"

ఉన్నాడు. ఫోను నా చేతికిచ్చారు. ఫైలు తెరిచి, సేవ్ యాజ్‌లోకి వెళ్లి, పీడీఎఫ్ ఎంచుకుని అమ్మమ్మ వాట్సాప్‌కు పంపమన్నాను. పీడీఎఫ్ తనతో పాటు ఫాంటును కూడా మోసుకొస్తుంది. స్వాగతోపన్యాసం సగంలో ఉండగా ఫైలు వచ్చేసింది. ఎగిరొచ్చే అక్షరాలు, గిరగిర తిరిగే బొమ్మలు పోయాయి, వాటి కోసం ఎవరూ బెంగపడలేదు. "వాడికి కట్టిన ఫీజులు ఇవాళ్టికి గిట్టుబాటయ్యాయి" అని ఆవిడ నవ్వుతూ వేదికెక్కారు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది 2001లో. ఆవిడ ఎక్కిన రైలూ ఇదీ ఒకే పేరు పెట్టుకున్నాయి. ఇంతకాలమైనా తెలుగు ఎంఏ సెమినార్లలో ఈ గొడవ తీరలేదంటే తప్పు మెషీన్లది కాదు. అలాగని యూనికోడ్ వాడిన వాళ్లకూ పూర్తి నిశ్చింత లేదు. విండోస్ 10 నుంచి గౌతమిని విడిగా వేసుకుంటే తప్ప ఉండదు. దాని బదులు నిర్మలా వచ్చి కూర్చుంటుంది, అక్షరాల కొలతలు మారి ఆఖరి పంక్తి స్లయిడు కిందికి జారిపోతుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, రామభద్ర, సూరన్న లాంటివాటిని హాలు కంప్యూటర్‌లో ముందే వేసి ఉంచాను. డిగ్రీ కాలేజీల్లో నా పని చేసేవాళ్లంతా ఇది చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

మైకు దగ్గరికొస్తే ఇంకో సంగతి. కాలర్ మైకు అనే వస్తువును చొక్కా, ప్యాంటు వేసుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేశారు. క్లిప్పుకు కాలరుండాలి, ట్రాన్స్‌మిటర్ డబ్బాకు బెల్టుండాలి. చీర కట్టుకున్న గెస్టు వస్తే మా కుర్రాళ్లు డబ్బా పట్టుకుని నీళ్లు నములుతారు. అలాంటప్పుడు లేడీ లెక్చరరునో, ఫైనలియర్ అమ్మాయినో ముందే పిలిచి పెట్టుకోవాలి. క్లిప్పు పమిట అంచుకు పెడితే గొలుసు తగిలినప్పుడల్లా హాలంతా 'టిక్కుటిక్కు'మంటుంది. అందుకని చేతి మైకు కూడా సిద్ధంగా ఉంచి, "ఏది వీలు మేడమ్?" అని ఆవిడనే అడగడం మర్యాద. చాలామంది చేతి మైకే తీసుకుంటారు. గెస్టు బాక్సుల ముందుకు నడిచొస్తే మైకు కూత పెడుతుందని మాత్రం ముందే చెప్పి ఉంచాలి.

కరెంటు సంగతి మన ఊళ్లలో చెప్పక్కర్లేదు. కంప్యూటరుకు యూపీఎస్ పెట్టి ప్రొజెక్టరును గాలికొదిలేస్తారు. నా లెక్కలో మొదటి హక్కు ప్రొజెక్టరుదే. బల్బు ఉండే పాత రకం ప్రొజెక్టరు వేడి మీద ఆరిపోతే చల్లబడేదాకా మళ్లీ వెలగదు. జనరేటరు క్షణాల్లో అందుకున్నా తెర మాత్రం అలా నల్లగానే ఉంటుంది.

కొత్త ఊరికి, కొత్త హాలుకు వచ్చిన పెద్దమనిషి అంతమంది ముందు చిన్నబోకుండా చూడటమే ఈ ఉద్యోగమని నా నమ్మకం. తాళం పడ్డ ల్యాప్‌టాప్ కంటే తెరుచుకుని ఉన్న ల్యాప్‌టాప్ ఎక్కువ పరువు తీస్తుంది. స్లయిడ్ల కోసం కాలేజీ కంప్యూటర్‌లో తన మెయిలు తెరుస్తారు, ఇన్‌బాక్సు మొత్తం తెర మీదికొస్తుంది. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంచుతారు, ప్రసంగం మధ్యలో ఇంటి సంగతులు మూలనుంచి తొంగిచూస్తాయి. అందుకే మెయిలు తెరిచేముందు ప్రొజెక్టరుకు బొమ్మ ఆపేస్తాను, ఇన్‌కాగ్నిటో విండోలోనే తెరవమంటాను. గెస్టు భోజనానికి వెళ్లేలోపు లాగౌట్ అయ్యారో లేదో చూస్తాను. కీబోర్డు మీద ఆయన వేళ్లున్నప్పుడు నా చూపు గోడ మీదుంటుంది. ఇవి ఎవరూ నేర్పరు, ఎవరూ గమనించరు కూడా.

అమెరికాలో ఉన్న పూర్వ విద్యార్థులు జూమ్‌లో మాట్లాడటం ఈమధ్య మామూలైంది. ఉచిత ఖాతా అయితే 40 నిమిషాలకు తెగిపోతుందని అందరికీ తెలుసు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయని, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కొస్తాయని మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఆ వారాల్లో కార్యక్రమం పెడితే ఒకరు గంటసేపు ఖాళీ తెరను చూస్తూ కూర్చోవాల్సిందే.

బ్లాక్‌బోర్డు ఉండగా ఈ హంగామా ఎందుకని అడిగేవాళ్లున్నారు. సుద్దముక్కతో రెండు గంటలు కట్టిపడేసిన గెస్టులను నేనూ చూశాను. వాళ్లకు నా అవసరం లేదు, సంతోషం. కానీ జానపద గాయకుల గొంతు వినిపించాలన్నా, కణం బొమ్మ చూపించాలన్నా సుద్దముక్క చాలదు.

నా ఫిర్యాదు ఒక్కటే. గెస్టును నెల ముందు పిలుస్తారు, శాలువా వారం ముందు కొంటారు, కాలేజీలకు గుర్తింపునిచ్చే నాక్ వాళ్లకు చూపే ఫైలు కోసం జియోట్యాగ్ ఫోటో ఎవరు తీయాలో ముందురోజే తేలుస్తారు. హాల్లో ప్రొజెక్టరు వేయాలన్న కబురు నాకు ఆ పొద్దున్న అటెండరు నోట అందుతుంది. ప్రోగ్రామ్ కన్వీనర్లకు మనవి: ఆహ్వాన పత్రంలో గెస్ట్‌హౌస్ గది, కారు డ్రైవరు నంబరు రాస్తారు గదా, దాని కింద ల్యాబ్ అసిస్టెంటు నంబరు కూడా వేయండి. గెస్టులకు మనవి: పీడీఎఫ్ కాపీ ఒకటి పెన్ డ్రైవులో ఉంచుకోండి, పూలదండకంటే అరగంట ముందు హాలుకు రండి. వీలైతే ముందురోజు సాయంత్రం ఆ నంబరుకు ఒక్క ఫోను కొట్టండి. తప్పకుండా ఎత్తుతాం.