తన ఫోటో తానే!

కొండ మీద తలనీలాలిచ్చి దిగొచ్చిన కుటుంబాలు తిరుపతి స్టూడియోల్లో, దేవుడి బొమ్మ గీసిన తెర ముందు వరసగా నిలబడి తీయించుకున్న పాత ఫోటోలు మీ ఇళ్ళల్లో కూడా ఉండే ఉంటాయి. వాటిలో ఆడవాళ్ళ ముఖాలు ఒకసారి పరకాయించి చూడండి. అవ్వ దగ్గర్నుంచి మనవరాలి దాకా అందరూ ఒకే తీరున బిగుసుకుపోయి ఉంటారు. ఎవరో మగాయన "గడ్డం ఎత్తమ్మా, కదలకమ్మా" అన్నట్టు ఫోటోలోంచే వినిపిస్తుంది! ఇక పెళ్ళిచూపులకని తీయించే ఫోటో సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో ఉండేది మనమే గానీ, అది మన కోసం తీయించింది కాదు.

మరి కెమెరాకు ఇటూ అటూ కూడా ఒకే ఆడమనిషి ఉంటే ఆ ముఖం ఎలా ఉంటుంది? పడమటి ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది. అక్కడి ఫెలీషియా అబ్బాన్ ఫోటోలు చూస్తే తెలుస్తుంది. ఆవిడ తండ్రి ఫోటోగ్రాఫరు. పద్నాలుగో ఏటనే ఆయన దగ్గర పనిలో చేరి, 1955లో, ఇరవై నిండీ నిండకుండానే అక్రా నగరంలోని జేమ్స్‌టౌన్‌లో సొంత స్టూడియో పెట్టేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకు! 1960లలో అధ్యక్షుడు ఎన్‌క్రుమాకు కూడా ఫోటోలు తీసింది.

సాయంత్రం ఏ విందుకో బయల్దేరే ముందు, ముస్తాబు పూర్తయ్యాక, తన స్టూడియోలో తన ఫోటో తానే తీసుకునేదట. కొన్నింట్లో దొరసాని గౌను. కొన్నింట్లో వాళ్ళ కాబా, అంటే మన రవికె లాంటి కుట్టుబట్ట, నడుముకు చుట్టిన గుడ్డ. ఇంటాయన బట్టల మీద డిజైన్లు గీసే మనిషి. స్వాతంత్ర్యం నాటి ఎన్‌క్రుమా బొమ్మ బట్ట ఆయన గీసిందే. బట్ట ఒంటి మీద ఎలా పడితే అందమో ఆవిడకు అంత బాగా తెలియడానికి అదీ ఒక కారణమేమో! ముఖంలో మాత్రం బెదురు లేదు, ఒకరి మెప్పు కోసం ఎదురుచూపూ లేదు. ఎందుకంటే అవి స్టూడియోకు ప్రకటనలు. "నన్ను ఇంత బాగా తీసుకున్నదాన్ని, మిమ్మల్ని తీయలేనా?" అన్న ధీమా అది.

ఆడవాళ్ళ స్టూడియో మనకు కొత్త కాదు లెండి. రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, ఒక ఇంగ్లీషు దొరసానికి అప్పగించాడు. కానీ పరదా చాటున తీసిన ఫోటో మళ్ళీ పరదా చాటుకే పోవాలి. ఫెలీషియా తన ఫోటో తీసుకున్నదే నలుగురికీ చూపించడానికి. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరు హోమాయ్ వ్యారావాలా ఫోటోలు మొదట్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. ఫెలీషియా స్టూడియోకు ఫెలీషియా పేరే!

అయినా ఈ ఫోటోల్లో నాకొక వెలితి ఉంది. పని కనబడదు. డార్కురూము చీకటి, హైపో వాసన, మందు మరకలంటిన వేళ్ళు, టచింగు కోసం నెగటివు మీద వంగి నొప్పెట్టిన మెడ... ఇవన్నీ కడిగేసుకుని వచ్చాకే ఆవిడ కెమెరా ముందు కూర్చుంది. వంటిల్లు సర్దేసి చీర మార్చుకుని అతిథుల ముందుకొచ్చే ఇల్లాలిలాగా! ప్రకటనకు అది సరే. కానీ ఆ మరకల వేళ్ళతో ఒక్క ఫోటో అయినా తీసుకుని ఉంటే, ఈ అన్నింటికంటే దాన్నే ఎక్కువసేపు చూసేదాన్ని.

2019లో వెనీస్ కళాప్రదర్శనలో ఘనా తొలిసారి తన మంటపం పెట్టినప్పుడు ఈ ఫోటోలూ అక్కడికి వెళ్ళాయి. 2024 జనవరిలో ఆవిడ పోయింది. వెనీస్ దాకా పేరు మోసింది ఆ ముస్తాబు ఫోటోలే. ఇన్నేళ్ళూ స్టూడియో అద్దె కట్టింది మాత్రం గడప తొక్కి, డబ్బిచ్చి, ఫోటో పట్టుకుపోయిన జేమ్స్‌టౌన్ జనం.