మండువా ఉన్న బొమ్మరిల్లు

మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమంలో మునిగి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని తిరిగొచ్చే జనాన్ని తిరనాళ్ల అంగళ్లు ఊరికే పోనివ్వవు. పిల్లలు ఆగేచోట పెద్దలూ ఆగాల్సిందే. అక్కడ అమ్ముడయ్యేది చాలావరకు ప్లాస్టిక్కే: వంటింటి సెట్లు, తుపాకులు, అప్పుడప్పుడూ గులాబీ రంగు ఇల్లొకటి. ఆ ఇంటికి పొగగొట్టం ఉంటుంది, మంచు జారిపోయేంత నిటారైన కప్పు ఉంటుంది. అరుగు మాత్రం ఉండదు. దివిసీమలో మంచు ఎప్పుడు కురిసిందో తయారుచేసినవాళ్లనే అడగాలి.

చెక్కతో సొంతంగా బొమ్మరిల్లు కట్టాలనుకునే తల్లిదండ్రులు కూడా తెలియకుండానే ఆ ఇంటినే మళ్లీ కడతారు. దొరికే నమూనాలన్నీ ఇంగ్లండువో అమెరికావో. రెండు అంతస్తులు, మధ్యలో మెట్లు, మెట్లకు కటకటాలు, కిటికీలకు అద్దాలు... ఖర్చంతా ఆ హంగుల దగ్గరే. గుడివాడ వైపు పల్లెల్లో అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్న మండువా లోగిలిని నమూనాగా తీసుకుంటే మెట్లు లేవు, మేడ లేదు, పని సగానికి సగం తగ్గుతుంది. చవకలో కట్టాలంటే ముందు మార్చుకోవాల్సింది చెక్క కాదు, ఇల్లు.

అసలు బొమ్మరిల్లు అనే వేడుక ఐరోపాలో మొదలైంది పిల్లల కోసమూ కాదు, చవగ్గానూ కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అనే సంపన్నురాలు 1686 నుంచి 1710 దాకా చేయించుకున్న బొమ్మరిల్లు ఇప్పుడు రైక్స్ మ్యూజియంలో ఉంది. తాబేటి చిప్పలు పొదిగిన బీరువాలో గదులు, ఆ గదుల్లోకి చైనా నుంచి ప్రత్యేకంగా తెప్పించిన బుల్లి పింగాణీ. ఆ డబ్బుతో అక్కడి కాలువ గట్టున నిజం ఇల్లే వచ్చేదని చెబుతారు. ఆ రోజుల్లోనే డచ్చి కంపెనీ ఓడలు బందరు రేవులో అద్దకం బట్టలు ఎక్కించుకుని వెళ్లేవి. ఆ వర్తకుల సమాధులు బందరులో నేటికీ ఉన్నాయి.

ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921-24 మధ్య కట్టిన బొమ్మరిల్లు సంగతి సరేసరి. గీసింది లుటియన్స్. న్యూఢిల్లీ గీసిన ఆయనే, ఢిల్లీలో మన నిజాముకు హైదరాబాద్ హౌస్ కట్టిపెట్టిన ఆయనే. ఆ బుల్లి ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, దీపాలు వెలుగుతాయి, లిఫ్టు నడుస్తుంది. కొలత మాత్రం సామాన్యులకూ పనికొచ్చేదే: నిజం ఇంట్లో అడుగుకు ఇక్కడ అంగుళం. అంటే 12వ వంతు. ప్రపంచంలో బొమ్మరిళ్లు కట్టేవాళ్లలో ఎక్కువమంది పట్టుకున్న కొలత ఇదే.

మన దగ్గర బొమ్మలకు కొదవ లేదు, ఇళ్లకే కొదవ. సంక్రాంతికో దసరాకో కొలువు పెడతారు. మెట్ల మీద దేవుళ్లు, కింద సంత, ఎడ్లబండి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, చెరువుకు బదులు అద్దం ముక్క. ఊరంతా ఉంటుంది గానీ తలుపు తీసుకుని లోపలికి వెళ్లే ఇల్లు అరుదు. బెజవాడ దాటగానే కొండపల్లి. అక్కడి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో పుడుతుంది. చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, ఆపైన రంగులు వేస్తారు. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని కళాకారులు ఎప్పటినుంచో మొరపెట్టుకుంటున్నారు. కాబట్టి ఆ చెక్క బొమ్మలకే ఉండనివ్వాలి, గోడలకు అడగకూడదు. మక్కు కిటుకు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. రంపపు పొట్టును ఫెవికాల్‌లో ముద్దచేసి సందుల్లో కూరితే, ఆరాక అక్కడ అతుకుందని వడ్రంగే చెప్పాలి.

ఇంటికంటే ముందు బొమ్మ ఉండాలి. కొండపల్లి మనుషులు లుటియన్స్ కొలతకు కట్టుబడరు. ఒక్కొక్కరు ఒక్కో ఎత్తు. నచ్చిన బొమ్మను స్కేలు పక్కన నిలబెట్టి చూడాలి. నాలుగంగుళాలుంటే, అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అది 16వ వంతు. అప్పుడు ఏడడుగుల గుమ్మం అయిదుంబావు అంగుళాలు అవుతుంది. ఈ లెక్క వదిలేసి ముందు ఇల్లు కట్టినవాళ్ల ఇళ్లలో అమ్మవారు గుమ్మంలో వంగి వెళ్లాల్సి వస్తుంది.

చెక్క విషయానికొస్తే, ఎనిమిది నాలుగుల ప్లైవుడ్ షీటు కొనక్కర్లేదు. అవనిగడ్డలోనో బందరులోనో ఏ వడ్రంగి పనిచోట అడిగినా ఆరు మిల్లీమీటర్ల ముక్కలు మూలన పడి ఉంటాయి. గోడలకు అవి చాలు. అడుగు పలక మాత్రం పన్నెండు మిల్లీమీటర్లది ఉంటే ఇల్లు వంకర తిరగదు. కొలతలు రాసిచ్చి అక్కడే మిషను మీద కోయించుకుంటే ఇంట్లో రంపం బాధ తప్పుతుంది. రంగులతో సహా వెయ్యి రూపాయలు దాటిందంటే ఎక్కడో ముక్కలు మానేసి షీటు కొన్నారన్నమాట. ఒక్కటే జాగ్రత్త, సముద్రపు గాలి. మామూలు ఎంఆర్ రకం ప్లైవుడ్ ఆ తేమకు అంచుల దగ్గర పొరలు విడుతుంది. కోసిన అంచులకు రెండుసార్లు ప్రైమర్ పట్టించాలి. మేకులు తుప్పుపట్టి సున్నం మీద మరకలు దిగుతాయి. వాటికి బదులు ఫెవికాల్, మూలల్లో వెదురు పుల్లలు మేలు.

ఇక పెంకులు. పార్సిల్ వచ్చిన అట్టపెట్టె చాలు. అట్ట పైకాగితాన్ని తడిబట్టతో అద్ది, నాననిచ్చి, మెల్లగా ఒలిస్తే లోపలి గాడులు బయటపడతాయి. వాటిని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, చూరు దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా అతికి, జాజు రంగు పూస్తే పెంకుటిల్లే. అక్కడక్కడా నలుపు కలిపిన రంగు తాకిస్తే నాలుగు వానలు చూసిన పెంకులా ఉంటుంది. కిటికీ ఊచలకు కొబ్బరి ఈనెలు, తలుపు పలకలకు ఐస్‌క్రీం పుల్లలు. పుల్ల వెడల్పు సుమారు సెంటీమీటరు కాబట్టి 16వ వంతులో అది ఆరంగుళాల పలకతో సమానం. గోడ అడుగున జాజు పట్టీ మరిచిపోకూడదు.

కష్టమంతా మండువా కప్పులోనే ఉంది. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి, మూలల్లో కలుస్తుంది. ముక్కను 45 డిగ్రీలకు కోస్తే చాలనిపిస్తుంది, కానీ మూలలు కలవవు. కప్పుకు వాలుంది కదా! వాలు 30 డిగ్రీలైతే చూరు అంచుకు సుమారు 49 డిగ్రీల్లో కోయాలి. లెక్క రానివాళ్లు అట్ట ముక్క కోసి, సరిపోయేదాకా కత్తిరించి, దాన్ని చెక్క మీద పెట్టి గీసుకుంటే సరి. ఈ శ్రమకు తగ్గ లాభం ఒకటుంది. ఐరోపా ఇంటికి ముందు గోడ ఊడితేగానీ లోపలేముందో కనపడదు. మండువా ఇల్లు పైనుంచి ముందే తెరిచి ఉంటుంది. మఠం వేసుకుని కూచున్న పిల్ల కాస్త తల వంచితే వసారాలు నాలుగూ కళ్లముందే. వెనక గదుల మీది బయటి వాలును మాత్రం అతకకుండా, ఎత్తి పక్కన పెట్టుకునేలా వదిలేయాలి.

తాటాకు కప్పుతో చిన్న ఇల్లు కడితే ఇంకా చవక, ఇంకా తేలిక. దివిసీమలో ఎక్కువమంది బతికింది అలాంటి ఇళ్లలోనే. 1977 నవంబరు 19 ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకుని, ఆ ఇళ్లను ఊళ్లకు ఊళ్లే తుడిచేసింది. ఆ తర్వాతే ఈ తీరాన స్తంభాల మీద నిలబడే తుఫాను షెల్టర్లు, కాంక్రీటు కాలనీలు వచ్చాయి. బొమ్మరిల్లు పక్కన నాలుగు పుల్లల మీద ఓ షెల్టరు నిలబెట్టే తాతయ్య ఉంటే, ఆ సాయంత్రం ఆటకంటే కథే ఎక్కువసేపు నడుస్తుంది.

పిల్లలకు మాత్రం మండువా మీద మనకున్నంత మోజు ఉండకపోవచ్చు. వాళ్లు పుట్టింది డాబాల్లో. అడిగి చూస్తే డాబాయే కట్టమంటారు, వెలుపలి నుంచి మెట్లు పెట్టమంటారు, పైన నల్ల ట్యాంకు కావాలంటారు. కోణాలు, చూర్లు లేవు కాబట్టి ఒక ఆదివారంలో అయిపోయే పని. ట్యాంకుకు నల్లటి ఫిల్మ్ రీలు డబ్బా సరిగ్గా సరిపోతుంది. అదిప్పుడు దొరక్కపోతే మందు సీసా మూతకు నలుపు వేయొచ్చు. డిష్ యాంటెన్నా ఏ దిక్కుకు తిప్పాలో వాళ్లే చెబుతారు.