కావ్యాశోకము – వాకిటి యశోకము

వసంతవర్ణనములకు మన సాహిత్యమున కొఱత లేదు. మామిడి చిగిర్చును, కోకిల కూయును, మలయానిలము వీచును, అశోకము పూచును. ఈ నాలుగు మాటలు వ్రాసిన బాలునకు పరీక్షలో మార్కులు వచ్చును. తన కన్నులతో చూచినది వ్రాసిన బాలికకు రావు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది. ఏలయన, అట్లు మార్కులు తగ్గించినవారము మేమే.

1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైన తరువాత మాదాపూరు, కొండాపూరు ప్రాంతముల రూపము మాఱిపోయినది. పొలములును రాతిగుట్టలును ఉన్నచోట అద్దపు మేడలు లేచినవి. ఆ మేడల నడుమ నక్కడక్కడ చిన్న పెరడు గల యిండ్లింకను మిగిలియున్నవి. మా విద్యార్థిని యొకతె యట్టి యింటిలోనిది. వారి ప్రహరిగోడ వెంట నాలుగు చెట్లు నిట్టనిలువుగ నిలిచియున్నవి. ఊరివారందఱు వానిని అశోకచెట్లనియే పిలుతురు.

గత ఫాల్గుణమున తరగతిలో మేము మాళవికాగ్నిమిత్రము కథ చెప్పితిమి. అందమైన యువతి పాదముతో తాకిననే గాని యశోకము పూయదని కవిసమయము. ఈ కోరికకే దోహదమని పేరు. గర్భవతి వేవిళ్లకోరికను తెలుపు నా మాటను కవులు చెట్టున కంటగట్టిరి. నేడు మన కార్యాలయములలో ‘దోహదపడు’ అనగా తోడ్పడుట యని మాత్రమే యర్థము. పిల్లలు నవ్విరి. ఆ బాలిక మాత్రము నవ్వలేదు. మఱునాటి నుండి యైదు ఉదయములు కాలిపట్టీలు పెట్టుకొని గోడవెంటి చెట్టును తన్నెనట. నాయనమ్మ చూచి, “చెట్టును తన్నుతవా బిడ్డా, మొక్కు!” అని మందలించి మ్రొక్కించెనట.

ఆఱవనాడు వ్యాసము వ్రాసి తెచ్చెను. ఎఱ్ఱపూలు పూయలేదు, రాగివన్నె చిగుళ్లు వచ్చినవి, ఆకుల చాటున లేతాకుపచ్చని చుక్కలవంటి పూలు వ్రేలాడుచున్నవి, ఒక యాకుపై పచ్చని గొంగళిపురుగు మేయుచున్నది, తిట్టిన నాయనమ్మయే మఱునాడు కన్నద్దములు పెట్టుకొని వచ్చి చూచినది. ఇంతియే వ్యాసము. మేము దానిక్రింద ఎఱ్ఱసిరాతో ‘అశోకపుష్పములు ఎఱ్ఱనివి, కావ్యము మరల చదువుము’ అని వ్రాసి, పదింటికి నాలుగు మార్కులు వేసితిమి.

వృక్షశాస్త్రము బోధించు మా సహోపాధ్యాయు డొకడు ఆ పుస్తకము చూచి నవ్వెను. గోడలవెంట నాటు నా చెట్టు కాళిదాసుని యశోకము కాదట. అది నరమామిడి, సీతాఫలపు కుటుంబములోనిది. దాని పూలు లేతాకుపచ్చనివే. అలలవంటి యంచులు గల ఆఱు రేకులవి. కొత్త చిగుళ్లు రాగివన్నెవే. ఆకుపచ్చ మచ్చలు గల యొక నల్ల సీతాకోకచిలుక దాని యాకులపై గ్రుడ్లు పెట్టును. కావ్యాశోకమో, చిక్కుడువలె కాయలు గాయు కుటుంబమునకు చెందినది. నారింజవన్నెతో పూచి క్రమముగ నెఱ్ఱబాఱును. నర్సరీలలో దానిని సీతాశోకమందురు. బాలిక వ్రాసిన ప్రతివాక్యమును నిజము. మేము వ్రాసిన యొక్క వాక్యమే యా చెట్టు విషయమున నబద్ధము.

ఇందు కాళిదాసుని దోష మేమైన గలదా? లేదని మా యభిప్రాయము. ఆయన నాటకమున కవిసమయము అలంకారమై యూరకుండలేదు. ధారిణీదేవి యూయెలనుండి పడి కాలు నొప్పి పెట్టుకొన్నది. అందుచేత తన పనికి మాళవికను పంపినది. ఐదు రాత్రులలో పూచినచో కోరినది యిత్తు నన్నది. ఆలస్యముగ పూచు చెట్టు, దెబ్బతగిలిన కాలు, ఇంటి యజమానురాలి మాట – ఈ మూడును కలసి కథను నడపినవి. తరువాత ననుకరించినవారిలో పెక్కురు చెట్టును మాత్రము గ్రహించి, కాలినొప్పిని విడిచిరి. పెరటిలో జరిగిన వింత పద్యములో పట్టికయైనది. ఆ పట్టిక మా చేతిలో ఎఱ్ఱసిరా యైనది. కవిసమయ మసత్యమగుట దోషము కాదు. అది చూచుటకు బదులుగ నిలుచుటయే దోషము. మా బాలిక కవిసమయమును నమ్మి తన్నినది, తన కన్నులను నమ్మి వ్రాసినది. కాళిదాసుని యసలు శిష్యురాలు ఆమెయే గాని మేము గాము.

చదువుకొన్న తలిదండ్రులతో నొక మనవి. వసంతముపై వ్యాసము వ్రాయవలెనని బిడ్డ వచ్చినపుడు అచ్చుపుస్తకము నందింపకుడు. పెరటిలోనికో, కనీసము వసారాలోని కుండీల కడకో పంపుడు. తిరిగివచ్చి చెప్పినది పుస్తకముతో సరిపడకున్నచో, ముందు పుస్తకమునే శంకింపుడు.

మేము తరగతిలో తప్పొప్పుకొని మార్కులు దిద్దితిమి. వారి పెరటిలో నిపుడొక సీతాశోకపు మొక్క జానెడెత్తున నున్నది. దానిని తన్నుటకు నాయనమ్మ యింకను సెలవీయలేదు.