సూదికీ కత్తికీ మధ్య

గుండెకి బ్యాటరీ పెట్టాలని చెప్పగానే ఎదురుగా కూర్చున్న కుటుంబం అడిగే ప్రశ్నలకి ఒక వరస ఉంటుంది. కొడుకు ఖర్చెంతో అడుగుతాడు, ఆరోగ్యశ్రీలో అవుతుందా అంటాడు. కోడలు ఆస్పత్రిలో ఎన్ని రోజులుండాలో అడుగుతుంది. అల్లుడుంటే ఏ కంపెనీదో, ఎన్నేళ్లు పనిచేస్తుందో కనుక్కుంటాడు. పెట్టించుకోవలసిన పెద్దావిడ మాత్రం అందరి ప్రశ్నలూ అయ్యేదాకా ఆగి, కుర్చీలోంచి లేవబోతూ అడుగుతుంది: "మత్తిస్తారు కదా బాబూ?" ఇస్తామమ్మా అంటాను. "అయితే నాకేమీ తెలీదుగా?"

చిక్కంతా ఇక్కడే. తెలుస్తుంది. నొప్పి తెలియకూడదు గానీ మిగతావన్నీ తెలుస్తాయి. ఆ మిగతావాటి గురించి ముందే చెప్పామా లేదా అన్నదాన్ని బట్టే, ఇంటికెళ్లాక ఆవిడ పక్కింటివాళ్లతో "ఏం లేదు, చిన్న పనే" అంటుందా, "నరకం చూపించారు" అంటుందా అన్నది తేలుతుంది.

ఆ బ్యాటరీ, అంటే పేస్‌మేకర్, అమర్చడం చాలామంది ఊహించుకునేంత పెద్ద ఆపరేషన్ కాదు. సాధారణంగా ఎడమ కాలర్ ఎముక కింద నాలుగైదు సెంటీమీటర్ల కోత పెడతాం. చర్మానికి అడుగున, ఛాతీ కండరానికి పైన, మిషన్ పట్టేంత జేబు చేస్తాం. అక్కడి రక్తనాళంలోంచి ఒకటో రెండో వైర్లు గుండె కుడివైపు గదుల్లోకి దింపి, పనిచేస్తున్నాయో లేదో చూసి, మిషన్‌కి బిగించి కుట్లు వేసేస్తాం. దీనికంతటికీ ముఖ్యంగా వాడే మత్తు, చర్మం కింద ఎక్కించే లిగ్నోకెయిన్. పన్ను పీకించుకున్నవాళ్లకీ, కాలిగోరు తీయించుకున్నవాళ్లకీ, గాయానికి కుట్లు వేయించుకున్నవాళ్లకీ జైలోకెయిన్ అన్న పేరుతో పరిచయమైన మందే ఇది.

ఈ మందు మనిషిని నిద్రపుచ్చదు. నాడిలో కబురు ముందుకి పాకాలంటే దాని పొరలోని సన్నని ద్వారాలగుండా సోడియం లోపలికి రావాలి. లిగ్నోకెయిన్ ఆ ద్వారాలకి అడ్డం పడుతుంది. నొప్పిని మోసే తంతువులు సన్నవి, అవి తొందరగా లొంగుతాయి. తాకిడినీ ఒత్తిడినీ మోసే తంతువులు లావువి, అవి అంత సులభంగా లొంగవు. అందుకే కత్తి తెలియదు గానీ చెయ్యి తెలుస్తుంది. జేబు చేస్తున్నప్పుడు లాగుడు, నొక్కుడు, తోపుడు అన్నీ తెలుస్తాయి. "ఛాతీ మీద ఎవరో పూరీల పిండి పిసికినట్టుంది" అని ఒకావిడ చెప్పింది. ఇంతకన్నా కచ్చితమైన వర్ణన నాకు ఏ వైద్య గ్రంథంలోనూ దొరకలేదు.

ఆ తర్వాత వచ్చేవి ఇంకా వింతగా ఉంటాయి. రక్తనాళం లోపల వైరు నడుస్తుంటే నొప్పి ఉండదు, కానీ దాని కొన గుండె గోడని తాకినప్పుడు రెండు మూడు అదనపు దెబ్బలు పడి గుండె జారినట్టనిపిస్తుంది. వైరు కుదిరాక కరెంటు పెంచి, 10 వోల్టుల దగ్గర పరీక్షిస్తాం. పక్కనున్న ఊపిరి కండరానికి అది తగిలితే ఎక్కిళ్లలాగా పొట్ట ఎగురుతుంది. అలా ఎగిరితే వైరు చోటు మార్చాలని మాకు అర్థం. రక్తస్రావం ఆపడానికి కాటరీ వాడితే కాలిన వాసన వస్తుంది. మొహం మీద గుడ్డ కప్పుకుని పడుకున్న ఒక పెద్దాయన ఆ గుడ్డ కిందనుంచే "ఏదో మాడుతోందండీ, చూసుకోండి" అని మమ్మల్ని హెచ్చరించారు. ఆ మాడేది ఏమిటో ఆయనకి ముందే చెప్పి ఉంచాం కాబట్టి, సమాధానం వినగానే ఆయనే ముందు నవ్వారు. చెప్పకపోయి ఉంటే భయపడేవారు.

ఈ మందుకీ ఈ మిషన్‌కీ ఉన్న ఒక చుట్టరికం చాలామందికి తెలియదు. రెండూ స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోనే పుట్టాయి. 1943లో అక్కడి రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిన్‌ని తయారుచేస్తే, ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు బెంట్ లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. 1948లో అది జైలోకెయిన్ పేరుతో బజారుకి వచ్చింది. మరో పదేళ్లకి, 1958 అక్టోబర్ 8న, అదే ఊళ్లో కరోలిన్‌స్కా ఆస్పత్రిలో సర్జన్ ఓకె సెన్నింగ్, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన మిషన్‌ని ఆర్నె లార్సన్ అనే రోగికి అమర్చారు. మనిషి ఒంటిలో పూర్తిగా ఇమిడిన మొదటి పేస్‌మేకర్ అదే. కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం వరసగా మిషన్లు మార్పించుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. ఆయన జీవితంలో మొత్తం 26 పేస్‌మేకర్లు వాడారు.

అయితే లార్సన్‌కి ఆ మొదటిసారి ఛాతీ తెరవాల్సి వచ్చింది. అందుకు సూది మందు చాలదు, పూర్తి మత్తు కావాలి. 1960లలో రక్తనాళంగుండా వైరు దింపే పద్ధతి కుదురుకున్నాకే పెద్ద కోత అక్కరలేకుండా పోయింది. ఒకే ఊళ్లో పుట్టిన మందూ మిషనూ అప్పుడు ఒకే బల్ల మీద కలుసుకున్నాయి.

"పూర్తిగా నిద్రపుచ్చేస్తే గొడవే లేదు కదా" అని చదువుకున్నవాళ్లే ఎక్కువగా అడుగుతారు. పేస్‌మేకర్ అవసరమయ్యేవాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువాళ్లు. కొందరికి గుండె నిమిషానికి 30, 40 సార్లే కొట్టుకుంటూ ఉంటుంది. పూర్తి మత్తు మందులు బీపీనీ ఊపిరినీ ఇంకా తగ్గించగలవు. బాగా కంగారుపడేవాళ్లకి మిడజోలమ్‌లాంటి మగత మందు కొద్దిగా ఇస్తాం. పిల్లల్లో, మరికొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో పూర్తి మత్తు తప్పదు. మిగతావాళ్లు మెలకువగా ఉండటమే మాకు మేలు. వైరు గట్టిగా నిలిచిందో లేదో చూడటానికి "ఊపిరి గట్టిగా పీల్చండి, ఇప్పుడు దగ్గండి" అంటాం. వైరు వెళ్లే గొట్టం తెరిచి ఉన్న క్షణంలో గట్టిగా ఊపిరి లాగితే రక్తనాళంలోకి గాలి చేరే ప్రమాదం ఉంది, కాబట్టి "కాసేపు పీల్చకండి" అంటాం. గురకపెట్టే మనిషికి ఈ మాటలు చెప్పలేం. ఆ గదిలో రోగి కూడా మాతో కలిసి పనిచేస్తున్నట్టే లెక్క.

మరి మెలకువగా ఉన్న మనిషికి నొప్పి లేకుండా చూడటం ఎలా? ఇది నెమ్మదిగా అబ్బే పని. పుస్తకంలో అరపేజీ మించి ఉండదు, చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

ముందు, సూది మందు తానే మండుతుంది. సీసాలో చెడిపోకుండా ఉండటానికి దాన్ని ఆమ్లగుణంతో తయారుచేస్తారు. కొద్దిగా సోడియం బైకార్బొనేట్ కలిపితే ఆ మంట తగ్గుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు కన్నా ఒంటివేడికి దగ్గరగా ఉన్నది నయం. అన్నిటికన్నా పనిచేసేది సన్నని సూదీ, నెమ్మదిగా తోసే బొటనవేలూ. ముందు పైచర్మంలో కొంచెం, అది మొద్దుబారాక అందులోంచే లోతుకి. రెండోసారి గుచ్చాల్సివస్తే మొద్దుబారిన చోటునుంచే గుచ్చాలి.

రెండోది లెక్క. అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలో బరువుకి 4.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మామూలుగా పాటించే హద్దు. అంటే 60 కిలోల మనిషికి 270 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములుంటాయి. అలా వాడితే 13.5 మిల్లీలీటర్లకే కోటా అయిపోతుంది. దాన్నే సెలైన్‌తో సగానికి పలచన చేస్తే 27 మిల్లీలీటర్లు చేతికొస్తాయి, జేబు అంచులదాకా అందుతాయి. హద్దు దాటితే పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు మొదలవుతాయి. ఇంకా ముదిరితే ఫిట్స్ రావచ్చు. ఆ మొదటి గుర్తుల్ని ఏ మానిటరూ చూపించలేదు. రోగి నోరు విప్పి చెబితేనే తెలుస్తాయి.

మూడోది ఆగడం. మందు పడిన క్షణానికీ పనిచేసే క్షణానికీ మధ్య రెండు మూడు నిమిషాలుంటాయి. బయట తర్వాతి రోగి స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటే, చేతిలో కత్తి ఉంటే, ఆ రెండు నిమిషాలు చాలా పొడవు. నొప్పి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మందు తక్కువవడం కాదు, డాక్టరుకి ఓపిక తక్కువవడం. ఆగాక కూడా "నొప్పిగా ఉందా?" అని అడిగితే లాభం లేదు. భయపడినవాళ్లు ఉందంటారు, మొహమాటస్తులు లేదంటారు. పటకారుతో గిల్లి "ఇది సూదిలా ఉందా, వేలితో నొక్కినట్టుందా?" అని అడిగితే సరైన జవాబొస్తుంది.

అసలు మా పల్లెటూరి పెద్దవాళ్లతో వచ్చే తంటా ఏమిటంటే వాళ్లు చెప్పరు. నొప్పి ఓర్చుకోవడం మర్యాద అనుకునే తరం అది. "పర్లేదు బాబూ, కానియ్యండి" అంటారు. నుదుటిన చెమట పడుతుంటుంది, మానిటర్‌లో బీపీ ఎగబాకుతుంటుంది. నొప్పికీ భయానికీ మరికొందరిలో బీపీ, గుండె వేగం రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. అందుకని ఓర్పుని మెచ్చుకోవడానికి ఇది చోటు కాదని వాళ్లకి ముందే చెప్పాలి. చేతిలో మందు మిగిలి ఉండగా మనిషి పళ్లు బిగించుకుని పడుకోవడంలో గొప్పేమీ లేదు.

ఇంకోవైపు, "నాకు మత్తు ఎక్కదు డాక్టర్ గారూ" అనేవాళ్లున్నారు. చాలాసార్లు వాళ్ల మాట నిజం. చీముపట్టిన చోట కణజాలం ఆమ్లంగా మారి ఉంటుంది, అక్కడ మందు నాడిలోకి సరిగ్గా దిగలేదు. సెగ్గడ్డ కోయించుకున్నవాళ్లు, వాచిన పన్ను తీయించుకున్నవాళ్లు కేకలు పెట్టారంటే పిరికివాళ్లనుకోకూడదు. అలాంటప్పుడు వాపుకి దూరంగా, ఆ భాగానికి వెళ్లే నాడి దగ్గరే మందు ఇవ్వాలి. కింది దవడ పన్నుకి ఇచ్చే సూది గురి కాస్త తప్పినా పన్ను మొద్దుబారదు. మిషన్ బ్యాటరీ అయిపోయి మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు "ఈసారి పని చిన్నదన్నారు, నొప్పి మాత్రం ఎక్కువ" అనడం మామూలే. పాత కోత చుట్టూ గట్టిపడిన మచ్చలో మందు సరిగ్గా పాకదు. అక్కడ ఇంకొంచెం ఎక్కువసేపు ఆగాలి.

కంటి శుక్లం ఆపరేషన్‌లో కథ వేరుగా ఉంటుంది. 1884లో వియన్నా డాక్టరు కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చి, ఈ విద్యకంతటికీ దారి తీశాడు. ఇవాళ చాలామందికి అంతకన్నా సురక్షితమైన మందు చుక్కలతోనే శుక్లం తీసేస్తున్నారు. కంట్లో వెలుగులు కదలడం, నీళ్లు పోసినట్టుండటం మాత్రం తెలుస్తుంది. అక్కడా ముందుగా చెబితే కదలకుండా పడుకుంటారు, చెప్పకపోతే ఉలిక్కిపడతారు.

మెలకువగా ఉన్న మనిషికి చెవులు కూడా మెలకువగానే ఉంటాయి. ఈ సంగతి మా వాళ్లు ఇట్టే మరిచిపోతారు. వేరేచోట పేస్‌మేకర్ పెట్టించుకుని చెకప్‌కి నా దగ్గరికొచ్చిన ఒకాయనకి నొప్పి అసలు గుర్తులేదు. "మధ్యలో ఒకాయన 'అరె, ఇది రావట్లేదే' అన్నాడండీ. ఏది రావట్లేదో ఇప్పటికీ తెలీదు" అన్నారు. బహుశా ఏదో గొట్టం ఊడిరాలేదేమో. ఆయన మాత్రం దాన్ని నెలల తరబడి మోశారు. బల్ల దగ్గర ఊసుపోక మాట్లాడే ప్రతి మాటా ఆ గుడ్డ కిందకి వెళుతుంది.

కాబట్టి ఇలాంటి పనికి వెళ్తున్నవాళ్లకి నాలుగు మాటలు. ఇదివరకు ఏ సూదికైనా ఇబ్బంది కలిగి ఉంటే, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. పళ్ల డాక్టరు దగ్గర సూది పడగానే గుండె దడదడలాడిందంటే అది చాలావరకు అందులో కలిపిన అడ్రినలిన్ పనే. లిగ్నోకెయిన్‌కి నిజమైన అలర్జీ చాలా అరుదు. అయినా జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ దశలో ఏం తెలుస్తుందో అడగండి. నడుంనొప్పి, గుడ్డ కప్పితే ఊపిరాడనట్టుండే స్వభావం ఉంటే దాచకండి. బల్ల మీద పదునుగా ఏది తగిలినా చెయ్యి కదపకుండా నోటితో చెప్పండి. మందు ప్రభావం గంట, రెండు గంటల్లో దిగిపోతుంది. నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో అది దిగకముందే కనుక్కోండి. పేస్‌మేకర్ పెట్టినవైపు చేతిని కొన్ని వారాలు భుజం పైకి ఎత్తకూడదు. అలాగని అసలు కదపకుండా కట్టేసుకుంటే భుజం బిగుసుకుపోతుంది.

నా తోటివాళ్లకి ఒక్కటే మనవి. సూది తీశాక గోడ గడియారం చూడండి, రెండు నిమిషాలు కత్తి ముట్టుకోకండి. ఆ రెండు నిమిషాలూ రోగితో మాట్లాడండి. దానికి అదనపు ఖర్చేమీ లేదు. ఇక రోగులకి: నొప్పి తగ్గించడం మా పని, నొప్పి ఉందని చెప్పడం మీ పని. మీ పని మీరు మొహమాటపడకుండా చేయండి.