“సర్వవిష విరుగుడు”: పేరునకు తగిన గుణమున్నదా?

మందులు మోతాదు మించి మ్రింగిన వారికి వైద్యులు ఒక్కొక్కప్పుడు నల్లని బొగ్గుపొడిని నీటిలో కలిపి త్రాగింతురు. ఈ చికిత్స చరిత్రలో విమర్శింపదగిన మిశ్రమమొకటి కలదు. దాని పేరు “సర్వవిష విరుగుడు”. ఇరువదవ శతాబ్దమున చాలకాలము పాశ్చాత్య వైద్యగ్రంథములు దీనిని సిఫారసు చేసినవి. ఉత్తేజిత బొగ్గు 2 పాళ్లు, టానిక్ ఆమ్లము 1 పాలు, మెగ్నీషియం ఆక్సైడు 1 పాలు. ఇదియే దాని కూర్పు.

బొగ్గు విషమును పట్టుకొనును. టానిక్ ఆమ్లము ఆల్కలాయిడ్లను అవక్షేపించును. మెగ్నీషియం ఆక్సైడు ఆమ్లములను తటస్థీకరించును. కనుక మూడును కలిసిన ఏ విషమైనను లొంగునని తలచిరి. వినుటకు ఈ తర్కము ముచ్చటగా నున్నది. ఇంటిలో బొగ్గునకు బదులు మాడిన రొట్టె, టానిక్ ఆమ్లమునకు బదులు చిక్కని టీ చాలునని కూడ చెప్పిరి.

లోపమెక్కడ? ఒక పదార్థము మరొకదాని లోనికి ఇంకుట శోషణము. దాని ఉపరితలమునకు అంటుకొని నిలుచుట అధిశోషణము. బొగ్గు పనిచేయునది రెండవ విధముననే. కొయ్యను, కొబ్బరిచిప్పలను బొగ్గుచేసి, అధికోష్ణమున నీటియావిరి సోకించినచో అందు అసంఖ్యాకములైన సూక్ష్మరంధ్రము లేర్పడును. అట్టి బొగ్గు ఒక గ్రామునకు సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలముండును. మాడిన రొట్టెకు నలుపు కలదు గాని ఈ రంధ్రములు లేవు. టానిక్ ఆమ్లమో, తానే బొగ్గునకు అంటుకొని విషమునకు దక్కవలసిన చోటు నాక్రమించును. పైగా కాలేయమునకు హాని చేయగలదు. మిశ్రమముకంటె ఒంటరి బొగ్గే మేలని ప్రయోగములలో తేలినది. 1963లో అమెరికాలో హోల్ట్, హోల్జ్ అను వైద్యులు ప్రకటించిన వ్యాసము బొగ్గునకు తిరిగి గౌరవము తెచ్చినది.

అట్లని బొగ్గును సర్వవిషహరము కాదు. ఇనుము, లిథియం లవణములు, సారాయి దానికి సరిగా అంటవు. ఘాటైన ఆమ్లక్షారములు మ్రింగినవారికి దానిని ఈయరాదు. స్పృహ తగ్గినవానికి త్రాగించిన ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. మందు రక్తములో కలిసిన కొలది ప్రయోజనము తగ్గును. అందుచేతనే 1997లో అమెరికా, ఐరోపా విషవైద్య సంఘములు దీనిని అందరికిని మామూలుగా ఈయరాదనియు, మ్రింగిన గంటలోపల ఉపకరించు అవకాశ మెక్కువనియు ప్రకటించినవి.

రోగులపై జరిపిన పరీక్షలు మరింత విలువైనవి. శ్రీలంకలో పచ్చగన్నేరు గింజలు తిన్న 401 మందిపై జరిపిన పరీక్ష ఫలితములు 2003లో వెలువడినవి. బొగ్గును పలుమార్లు తీసికొన్నవారిలో 2.5 శాతము, తక్కినవారిలో 8 శాతము మరణించిరి. కాని అదే దేశమున పురుగుమందులు, పచ్చగన్నేరు మొదలగువాటిని మ్రింగిన 4,632 మందిపై జరిపిన పరీక్ష 2008లో ప్రకటితమైనది. పలుమార్లు బొగ్గు తీసికొన్నవారిలో 6.3 శాతము, ఒకసారి తీసికొన్నవారిలో 7.1 శాతము, అసలు తీసికొననివారిలో 6.8 శాతము మరణించిరి. ఇది చెప్పుకోదగిన భేదము కాదు. వీరిలో పెక్కుమంది విషము మ్రింగిన కొన్ని గంటలకు గాని ఆసుపత్రి చేరలేదను సంగతి మరువరాదు.

తరగతిలో రంగునీటిని ఉత్తేజిత బొగ్గుతో వడగట్టి చూపు ఉపాధ్యాయుడు ఈ కథను కూడ చెప్పవలెను. గాజుపాత్రలో రంగు పోవుట అధిశోషణమునకు నిదర్శనమే గాని, ప్రాణము నిలుచుననుటకు నిదర్శనము కాదు. ఇంట ఎవరైన మందులు ఎక్కువగా మ్రింగినచో బొగ్గు వెదకుచు కాలము పోగొట్టక, మందుల అట్టను వెంటగొని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. బొగ్గు ఈయవలెనా వలదా యని నిర్ణయించుట వైద్యుని పని.